మూడు నాబ్‌ల పెట్టె

హసింతో పెద్ద గిటార్ మోగించాడంటే మూడు కొండల అవతల మేస్తున్న గాడిద పలుపు తెంపుకుని నాట్యానికి వచ్చేది. కాదన్నవాడు మా వస్తేకా కొండల నీళ్ళు తాగనివాడే. అంతటి మనిషి ఆ ఆదివారం, సంతనాడు, వెహూత్లా బజారులో ఒదీలియా కొట్టులో నిలబడి యాంప్లిఫయర్ బేరం చేస్తున్నాడు.

"ఇది చూడండి, దోన్ హసింతో. దీని గొంతుకి పెళ్ళిపందిరి లేచిపోతుంది," అంది ఒదీలియా, నడుమెత్తు నల్లపెట్టెను తడుతూ.

"నాబ్‌లెన్ని?"

"ఒకటే. తిప్పితే అందరి చప్పుడూ ఒక్కసారే పెరుగుతుంది."

"వద్దు."

"అయ్యో, వినకుండానే?"

"మా ఆవిడదీ ఒకే నాబ్ గొంతేనమ్మా. ఇంట్లో ఒకటుంది, చాలు."

చిన్న గిటార్ వాయించే సెవెరో నవ్వాడు. ఫిడేలు వాయించే ఫిదెన్సియో మాత్రం నవ్వకుండా వేరే పెట్టెల వెనక నాబ్‌లు లెక్కపెడుతున్నాడు.

ముగ్గురూ ముప్పై ఒక్క ఏళ్ళుగా కలిసి వాయిస్తున్నారు. ఒకరి బిడ్డకు ఒకరు జ్ఞానతండ్రులు; అందుకే పేర్లు పక్కనపెట్టి కొంపాద్రే అని పిలుచుకుంటారు. ముగ్గురిలో ఒకరు మట్టిలో కలిసేదాకా మేళాన్ని విడదీయకూడదని మా కొండల కట్టు. కాని పోయిన ఏడు ఊరి పండుగలో, చెక్క అరుగు మీద ఆడే జంటలు రెండుసార్లు అడుగు తప్పాయి. పండుగ పెద్ద మొహం మీదే చెప్పేశాడు: "ఈసారి కూడా ఇలాగే అయితే వేరే మేళాన్ని పిలుస్తాం. ఏమనుకోవద్దు."

తప్పెవరిదో హసింతోకి తెలుసు. ఏడాదిగా ఫిదెన్సియో ఫిడేలు పలచబడిపోయింది. పైస్థాయికి వెళ్ళగానే స్వరం ఎక్కడో మాయమవుతోంది. పాట మధ్యలో బిక్కమొహం వేసుకుని హసింతో వంకే చూస్తాడు, దారి తప్పినవాడిలా. ఇద్దరూ ఒకే ఏడు పుట్టినవాళ్ళు. డెబ్బై ఏళ్ళ నేస్తాన్ని పట్టుకుని నీ చెయ్యి పోయిందిరా అని ఎలా అనడం? భార్య పోయింది, చేను పోయింది. ఫిడేలు కూడా పోతే ఆ మనిషికి ఇంకేం మిగులుతుంది?

అందుకే పొద్దున బస్సులో హసింతో సెవెరో చెవిలో ఊదాడు. "ఎవరి నాబ్ వాళ్ళకుండే పెట్టె కొందాం. వాడిది కాస్త తగ్గించేస్తా. జనానికి తెలీదు. వాడికీ తెలియక్కర్లేదు."

సెవెరో వంగి తన చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు. "నీ ఇష్టం, కొంపాద్రే," అన్నాడు. "తెలియకపోవడమే మేలు."

ఒదీలియా మూడో పెట్టె దించింది. మూడు మైకులు, మూడు నాబ్‌లు. తికమక లేకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు చుట్టింది.

"ఎర్రది నాది," అన్నాడు హసింతో. "ముసలిదైనా పుంజు పుంజే, తురాయి ఎర్రగానే ఉండాలి."

పచ్చది ఫిదెన్సియోకి, తెల్లది సెవెరోకి. వాళ్ళిద్దరూ ముందు పాట ఎత్తుకున్నారు. ఒదీలియా కాలు దానంతటదే నేల మీద దరువేసింది. హసింతో అందుకున్నాడు. నాలుగు చుట్లు తిరిగేసరికి ఆమె కాలు ఆగిపోయింది.

'పాపం, మళ్ళీ తప్పాడు,' అనుకున్నాడు హసింతో.

"ఇదే ఇచ్చెయ్యమ్మా," అన్నాడు ఫిదెన్సియో, ఎవరూ అడక్కుండానే. "ఎవరిది వాళ్ళకే. ఇంకోటి చూపించకు."

హసింతో మొహం తిప్పుకుని డబ్బు లెక్కపెట్టాడు. తన ఉరితాడు తనే ఎంచుకుంటున్నాడు పిచ్చివాడు.

సంతలో అరటాకుల్లో సకవిల్ పెట్టించుకుని తింటూ, మొక్కజొన్న ముద్దలోంచి తన మాంసం ముక్క తీసి ఫిదెన్సియో ఆకులో వేశాడు.

"ఏంటి కొంపాద్రే, ఈ దానధర్మాలు?"

"తిను. ఎముకలు లెక్కపెట్టొచ్చు నీవి."

"నీవి మాత్రం తక్కువున్నాయా?" అంటూ ఫిదెన్సియో తన ముక్క తీసి ఇతని ఆకులో వేశాడు. ఆపైన కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయ ఘాటన్నాడు.

పండుగనాడు పెట్టెను అరుగు పక్కన నిలబెట్టారు. ఎవరూ చూడకుండా హసింతో పచ్చ నాబ్‌ను బాగా కిందికి తిప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. "వైరు వదులైనట్టుంది," అంటూ ఫిదెన్సియో పెట్టె దగ్గర ఒకసారి వంగి లేచాడు. అంతే, అందుకున్నారు.

ఒక్క అడుగు తప్పలేదు. గొంతెత్తి పాడినచోట ఆడేవాళ్ళ మడమలు మెత్తబడ్డాయి. పాట ఆగి వాయిద్యాలే మోగినచోట అడుగుల కింద అరుగు ఉరిమింది. ఛాతీకి ఆనిన గిటార్ హసింతో ఎముకల్లో మోగింది. తన ఉపాయం పారినందుకు అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"వచ్చే ఏడూ మీరే," అన్నాడు పండుగ పెద్ద.

ఫిదెన్సియో హసింతోని కావలించుకుని ఎంతకీ వదల్లేదు. "ఇలాగే వాయిద్దాం, కొంపాద్రే. పోయేదాకా."

"ఎవరు పోయేదాకా?"

"ఎవరు ముందైతే వాళ్ళు."

మిగతా ఇద్దరూ చెరుకు సారాకి వెళ్ళారు. పచ్చ నాబ్‌ను మళ్ళీ యథాస్థానానికి తిప్పుదామని హసింతో పెట్టె ముందు వంగాడు. నేస్తానికి తెలియకూడదుగా.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఆ గాడిద నా కల్పన. గాడిదా లేదు, పలుపూ లేదు. వయసులో ఉన్నప్పుడు కూడా ఆ గిటార్ మోత చర్చి గోడ దాటేది కాదు. మిగతా కథలో నా చెయ్యి లేదు. హసింతో చూసింది చెప్పడానికి నోరు రాక, కాసేపు గాడిదను అడ్డం పెట్టుకున్నాను.

పచ్చ నాబ్ అప్పటికే నిండుగా పైకి తిప్పి ఉంది.

సున్నా దగ్గర ఉన్నది ఎర్ర నాబ్.