కొత్త మెమరీకి బొట్టు

మగ్గానికి నమూనాలు గీసే కంప్యూటర్‌లో నీలవేణి పొద్దున కొత్త మెమరీ బిగించింది. అంతే, అది మళ్లీ లేవలేదు. సాయంత్రానికి పెళ్లిచీర నమూనా మగ్గమెక్కాలి.

విడిభాగాలకు మాటలొచ్చిన కాలమది. తమకేం చేశారో, ఎందుకు చేశారో తెలియనిదే అవి పని మొదలుపెట్టవు.

"నా మీద ఎర్రటి పొడి ఎందుకుంది?" అని అడిగింది మెమరీ.

మెకానిక్ సత్తయ్య దాన్ని ఊడదీసి చూశాడు.

"కరెంటు పారే ఈ బంగారు గీతల మీదనే బొట్టు పెట్టినవా చెల్లె?"

"కొత్త సామాను ఇంటికొస్తే పెట్టకుంట ఎట్లుంటమన్నా. మనది అయినట్టు గుర్తు గద."

సత్తయ్య పెన్సిల్ రబ్బరుతో గీతలను శుభ్రంగా రుద్ది, మెమరీని మళ్లీ బిగించాడు. అయినా తెర నల్లగానే ఉంది.

"ఇప్పుడు తుడిచేశారు," అంది మెమరీ. "అంటే నేను మీదాన్ని కానా?"

నీలవేణి కుంకుమ భరిణె తెచ్చి, ఈసారి గీతలకు దూరంగా, పైఅంచున చిన్న బొట్టు పెట్టింది.

తెర వెలిగింది. సత్తయ్య మూత బిగించబోతుండగా, పదకొండేళ్లుగా నోరు విప్పని పాత ఫ్యాను లోపలి నుంచి అడిగింది.

"మరి నాకు?"