పెద్ద హాల్లో పరీక్ష

మా అపార్ట్‌మెంట్లో ఇప్పుడు పిల్లల మార్కులు ఎవరూ అడగరు, వైకల్యం ఎంత శాతం వచ్చిందని అడుగుతారు. ఏకాగ్రత లోపానికో, దిగులుకో సర్టిఫికెట్ వస్తే చాలు, పరీక్షకు వేరే గది, అదనపు సమయం ఇస్తారు. మొన్న రాజ్యలక్ష్మి గారబ్బాయికి అరవై వచ్చిందని అన్ని ఫ్లాట్లకీ స్వీట్లు పంచారు.

పై అంతస్తు కుందనకు పుట్టుకతోనే చూపు లేదు. స్కూలు నుంచీ ప్రతి పరీక్షా వేరే గదిలో, ప్రశ్నలు చదివి వినిపించే యంత్రంతో ఒంటరిగా రాసింది. పక్కన ఎవరో గోళ్లు కొరుక్కుంటుంటే వింటూ రాయాలని ఆమె ఆశ. అందుకే డిగ్రీ ఆఖరి పరీక్షకు ఆ గది వద్దనుకుని, యంత్రం ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పెద్ద హాల్లో కూర్చుంది. గంట కొట్టారు. ఒక్క కుర్చీ కూడా చప్పుడు చేయలేదు.

"సార్, మా క్లాసువాళ్లింకా రాలేదా?"

"ఎవరొస్తారమ్మా? అందరికీ వేరే గదులొచ్చేశాయిగా. మా అమ్మాయికీ వచ్చింది, డెబ్భై శాతం!" అన్నారు ఇన్విజిలేటర్ ఫణికుమార్ గారు గర్వంగా. అంతలో డ్యూటీ గుర్తొచ్చి, "పక్కవాళ్లతో మాట్లాడకూడదు" అని హెచ్చరించారు.

సాయంత్రం ఇంటికొచ్చిన కుందనను వాళ్లమ్మ ఆత్రంగా అడిగింది. "ఏమే, అందరితో కలిసి రాశావా? ఎలా ఉంది?"

"బాగుందమ్మా," అంది కుందన. "ఎవరూ కాపీ కొట్టలేదు."