మూడో రంధ్రం

“గిది గూడ బుస్సుమంటున్నది, ఖయ్యూం భాయ్!” ఆగయ్య విసుగ్గా పిల్లనగ్రోవిని కింద పెట్టాడు.

శాలిబండలోని ఆ పిల్లనగ్రోవుల దుకాణంలో అతను ఊదిచూసిన మూడూ అంతే. ఇంట్లో ఉన్న పాతదానిలాగే, సరిగ్గా మూడో రంధ్రం దగ్గరే గాలి జారిపోతోంది. భజనలో నలుగురూ నవ్వుతున్నారనే కొత్తదానికి బయలుదేరాడు.

“ఇంకొంచెం మంచిది చూపియ్యి భాయ్,” అంది భార్య రాజమణి, కొంగుముడి విప్పుతూ. “బోనాలకని సాదిన మేకపోతును అమ్మినం. ఉన్నయి గివే పైసలు.”

ఖయ్యూం మేలురకం వెదురు ఒకటి అందుకున్నాడు. దానికి మూడో రంధ్రం ఒక్కటే వేయాల్సి ఉంది. కుంపట్లోంచి ఎర్రగా కాలిన ఊచ తీసి పొడిచాడు.

“జర సల్లారనియ్యి...”

ఆ మాట పూర్తికాకముందే ఆగయ్య దాన్ని లాక్కుని, వేళ్లు ఆనించి ఊదాడు. మళ్లీ అదే బుస్సు.

“దీంట్ల గూడ గదే తీరు,” అన్నాడు, వేలు తీయకుండానే. ఏదో కమురు వాసన వస్తోంది. “ఏంది, గట్ల జూస్తున్నరు?”

ఖయ్యూం మెల్లగా అతని చేతిలోంచి పిల్లనగ్రోవి తీసుకున్నాడు. మూడో రంధ్రం మీద ఆనించిన ఉంగరపు వేలి కొస తెల్లగా ఉబ్బింది.

“మండుతలేదా, అన్నా?”

“ఏంది మండేది?”

ఖయ్యూం పైసలను రాజమణి వైపు జరిపాడు. “దాసుకో అక్కా. మీ పాతదాంట్ల ఏం ఖరాబు లేదు. ముందుగాల ఈయనను దవాఖానకు తీస్కపో.”

రాజమణి ఆ వేలు పట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుతోంది. ఎవరి వేలో అన్నట్టు చూస్తున్నాడు ఆగయ్య. ఆమె ఊపిరి తగులుతున్నట్టు కూడా అతనికి తెలియడం లేదు.