మూత దగ్గర మనిషి

నూనె దించేసిన బార్జి పడవను రేవుకు కట్టారో లేదో, ముసలాయన మళ్లీ దిగబడ్డాడు.

దాని ఖాళీ ట్యాంకులో ఇద్దరు అడుగు కడుగుతున్నారు. పైన తెరిచిన మూత దగ్గర కాపలావాడు కూర్చున్నాడు. లోపలివాళ్లను మాటిమాటికీ పిలవడం, బదులు రాకపోతే గంట కొట్టడం అతని పని. పదేళ్లుగా అదే పని.

ముసలాయన అతణ్ణి దాటుకుని మూత దగ్గర లోపలికి వంగాడు.

"నాయనా, పలకండి."

"ఉన్నాం తాతా. ఇంకా పోలేదు" లోపల్నుంచి నవ్వులు.

కాపలావాడికి ఒళ్లు మండింది. "ఇక్కడ నేనొకణ్ణి ఏడ్చానుగా. నీకెందుకయ్యా ఈ పెత్తనం?"

"నువ్వు ఫోను చూసుకుంటున్నావు బాబూ."

నలుగురిలో ఆ మాట అనేసరికి కాపలావాడి మొహం మాడిపోయింది.

ముసలాయన మంచినీళ్లకని గట్టు మీదికి వెళ్లగానే, కాపలావాడు లోపలికి వంగి చెప్పాడు.

"ఈసారి పిలిస్తే పలక్కండి. తిక్క కుదురుతుంది."

ముసలాయన వచ్చి పిలిచాడు. చప్పుడు లేదు.

మళ్లీ పిలిచాడు.

కాపలావాడు నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి ముసలాయన నిచ్చెన దిగుతున్నాడు.

"వస్తున్నా, వస్తున్నా" అంటున్నాడు.

మెట్ల నిండా జిడ్డు. మూలన నక్కిన ఇద్దరూ నోరు తెరిచేలోపే జారి కింద పడ్డాడు.

నాలుగో రోజు ఆసుపత్రిలో కన్నుమూశాడు.

కాపలావాడు వాళ్లింటికి వెళ్లాడు గాని, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. మూత దగ్గర కాపలావాణ్ణి నేనే. పలకొద్దని వాళ్లకు చెప్పింది నేనే."

ముసలాయన భార్య అతనికి పీట వేసింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"అప్పట్లో నూనె పీపాల్లో పోయేది నాయనా" అందామె. "పీపాలు తీసేసి బార్జి కడుపులోనే పోయడం కొత్తగా మొదలెట్టారు. ఖాళీ ట్యాంకులో గాలి మనిషిని చంపేస్తుందని ఎవరికి తెలుసు? ఈయన తమ్ముడు కడగడానికి దిగాడు. లోపలే పోయాడు. సాయంత్రందాకా పిలిచిన దిక్కు లేదు."

ఆమె గడప మీద కూర్చుంది.

"పైన ఒక మనిషిని పెట్టందే ఎవర్నీ దిగనివ్వనని ఈయన మూతకు అడ్డంగా కూర్చున్నారు. ఎన్ని రోజులో. ఆఖరికి కంపెనీవాళ్లు ఈయన ఉద్యోగం పీకేశారు గాని, మనిషిని మాత్రం పెట్టారు నాయనా, నువ్విప్పుడు చేస్తున్న పని అదే."