కిటికీ పక్క బల్ల

"ఆ కిటికీ పక్క బల్ల నాకివ్వండి," అంది కొత్తగా పనిలో చేరిన సువార్త.

ఇస్త్రీ చేసేవాళ్లంతా చేతిలో పని ఆపి ఆమెను వింతగా చూశారు.

చిలకలగూడలోని ఆ లాండ్రీ షెడ్డులో ఎవరూ కోరుకోని చోటది. పైన రేకులు, పక్కన బొగ్గుల కుంపటి. కిటికీ ఉందన్నమాటే గానీ, గాలి వస్తే ఇస్త్రీ పెట్టెల్లోని బూడిద లేచి మిలిటరీ ఆఫీసర్ల తెల్లకోట్ల మీద పడుతుందని యజమాని సదాశివ సేట్ దానికి మేకులు కొట్టించాడు.

పోయిన ఎండాకాలం జీవరాజు ఆ బల్ల దగ్గరే కుప్పకూలి చనిపోయాడు.

సేట్ మాత్రం వరండాలో, తడిపిన వట్టివేళ్ల తడిక వెనక కూర్చునేవాడు. బయట ఎండలు మండిపోతున్నాయన్న సంగతి ఎవరో వచ్చి చెబితేగానీ ఆ మహానుభావుడికి తెలియదు.

"ఇక్కడ ఒకాయన పోయారటగా అన్నయ్యా?" మొదటిరోజే పక్క బల్ల లూకాను అడిగింది సువార్త. ఆమెది కోస్తా యాస.

లూకా ఉలిక్కిపడ్డాడు.

"కామెర్లతోటి పోయిండు."

అది సేట్ అందరికీ నేర్పిన మాట. ఎండకు పోయాడని ఎవరైనా అంటే మర్నాటినుంచి వాళ్లకు పని ఉండదు.

"పోయేముందు ఆయన నీళ్లడిగారా? ఎవరైనా ఇచ్చారా?"

"నాకెట్ల ఎరుక చెల్లె? ఆ దినం నేను పనికే రాలే."

పచ్చి అబద్ధం. ఆ రోజు జీవరాజు తల లూకా ఒళ్లోనే ఉంది. ముంతతో నీళ్లు తాగించింది లూకాయే. "చాలు లూకా, దాహం తీరింది," అన్నాకే జీవరాజు కళ్లు మూశాడు.

ఆ సంగతి ఈమెకెందుకు? ఎవరు నోరు జారతారో చూడమని సేటే పంపి ఉంటాడని లూకా అనుమానం. యూనియన్ సైన్యం వచ్చి రజాకార్ల గోల సద్దుమణిగినా, కొత్త ముఖాన్ని చూస్తే బెదిరే అలవాటు జనానికి ఇంకా పోలేదు. పైగా లూకాకు ఇంటినిండా పిల్లలు.

సువార్త ఊరుకోలేదు. దొరికినవాళ్లందరినీ అదే అడిగింది. ఆయన నీళ్లు తాగారా? పక్కన ఎవరున్నారు?

"సేట్ మనిషి. జెర పైలం," అని లూకా అందరి చెవిలో వేశాడు. దాంతో ఆమెతో మాట్లాడేవాళ్లే కరువయ్యారు.

రోహిణి కార్తె వచ్చింది. ఓ మధ్యాహ్నం ఎదురు బల్ల పుష్పమ్మ చేతిలో ఇస్త్రీ పెట్టె ఉండగానే నేలకు ఒరిగిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. చెమట కూడా పట్టడం లేదు.

కేకలు విని సేట్ గుమ్మం దాకా వచ్చాడు.

"మొకాన నీళ్లు గొట్టి లేపున్రి. పొద్దుగూకేలోపల బట్టలు మిలిటరీకి అందాలె."

సువార్త బొగ్గులు పగలగొట్టే సుత్తి అందుకుంది. కిటికీ రెక్క మీద ఒక్కటేసింది. ఇంకొకటేసింది. చెక్క విరిగి, గాలి లోపలికొచ్చింది. బూడిద లేచి తెల్లకోట్ల మీద పడింది.

"ఏయ్! పాగల్ అయినవా? మూయ్!"

"మూయనండి."

"నా గుడ్డలన్ని మసైతున్నయి!"

"అవి ఉతికితే పోతాయండి. పోయిన మనిషి తిరిగి రాడు. ఒకాయన పోయింది చాలలేదా మీకు?"

"నడువ్ బైటికి! రేపటిసంది ఇటు దిక్కు రాకు!"

"వెళ్తానండి. ఈమె నీళ్లు తాగాక వెళ్తాను."

అన్నంత పనీ చేసింది. పుష్పమ్మను కిటికీ కిందకు చేర్చి, తడిగుడ్డ కప్పి, ఆమె కళ్లు తెరిచి గుక్కెడు నీళ్లు మింగేదాకా కదల్లేదు. ఆ తర్వాత సుత్తి లూకా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

"దేఖ్తే క్యా హో? ఏం జూస్తున్నవ్, మేకులు గొట్టు లూకా!" అన్నాడు సేట్.

లూకా మేకు కోసం వంగాడు. కానీ పుష్పమ్మ గుండె లేచిపడుతుంటే చూసి సుత్తి కింద పెట్టేశాడు.

"నాతోని గాదు సేట్. ఇస్త్రీ అయిన బట్టలకు దుప్పటి గప్పుతం. కిటికీ మూస్తే మేమంత ఇండ్లకు వోతం."

ఒకరి తర్వాత ఒకరు ఇస్త్రీ పెట్టెలు దించేశారు.

సేట్ వాళ్ల వంక చూశాడు. గుట్టగా పడి ఉన్న మిలిటరీ బట్టల వంక చూశాడు. గొణుక్కుంటూ తడిక వెనక్కి పోయాడు. కిటికీ అలాగే తెరిచి ఉంది.

ఆ రాత్రి లూకాకు సిగ్గుతో తిండి సయించలేదు. సేట్ మనిషైతే సేట్ కిటికీ ఎందుకు పగలగొడుతుంది? క్షమాపణ చెప్పుకుందామని తెల్లవారగానే బన్సీలాల్‌పేట్ పోయాడు. అక్కడ రోసమ్మ ఇంట్లోనే సువార్త అద్దెకుంటోంది.

"ఇప్పుడే పాయె లూకా, బెజవాడ బండికి," అంది రోసమ్మ.

"మళ్ల వస్తదా?"

"ఎందుకొస్తది? ఏం తెల్సుకోనీకొచ్చిందో గది తెల్వకపాయె. ‘పక్కన ఎవ్వరు లేరంట, దాహంతోనే పోయుంటారు’ అని రాత్రంత ఒకటే ఏడ్పు."

"ఏ ఊరామెది?"

"కృష్ణ ఒడ్డున ఏదో పల్లె. పేరు నాకు యాదికి లేదు. సేట్‌కు తెలిస్తే పనిల వెట్టుకోడని, ఎవ్వరికి జెప్పకుండ కడుపులనే దాసుకున్నది. నాకు సుత నిన్ననే జెప్పింది."

"ఏందది?" అన్నాడు లూకా.

"పోయినేడు గడబిడల తోవలు బందుండె, మన్ను వెయ్యనీకి సుత రాలేకపాయె, మొగని పేరు నోటితోని అనదు గాబట్టి ‘ఆయన, ఆయన’ అని మిమ్మల్నందర్ని అడిగింది గని, ఆమె జీవరాజు పెండ్లాం లూకా!"