మనుషుల్లేని కూడలి

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ మెట్టు మీంచి లే."

ఫోటోగ్రాఫర్ ఆ మాట అనడం అది నాలుగోసారి. మేడ మెట్ల మీద కూర్చున్న ఆవిడ కదల్లేదు.

గడియారం మేడని రేపు పొద్దున్న కూలగొట్టబోతున్నారు. వారం రోజులుగా పేపర్లన్నీ ఆ సంగతే రాస్తున్నాయి. దాని చోట లేచే కొత్త భవనంలో, గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనిపించేలా, పాత మేడ ఫోటో ఒకటి గోడంత పెట్టాలని పెద్దాఫీసరు ముచ్చటపడ్డాడు. ఒకటే షరతు. మేడ, దాని ముందు కూడలి తప్ప అందులో నరమానవుడు కనిపించకూడదు.

అలాంటి పనికి ఊరు మొత్తానికి ఒక్కడే మొనగాడు. అతన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. 'నల్లద్దం' అంటారు. కెమెరా కంటి ముందు నల్లటి గాజు బిళ్ళలు బిగిస్తాడు కాబట్టి ఆ పేరు. ఆ బిళ్ళలు రంగుల జోలికి పోవు. ఎరుపు ఎరుపే, నీలం నీలమే. వెలుతురుని మాత్రం పిసినారి నూనె పోసినట్టు చుక్క చుక్కగా వదులుతాయి. రెండు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి బిగిస్తే పట్టపగలు కూడా పావుగంట కెమెరా తెరిచి ఉంచాలి. ఆ పావుగంటలో అటూ ఇటూ నడిచేవాళ్ళు వెయ్యిమంది ఉన్నా ఒక్కరూ ఫోటోలో మిగలరు. కదలనివే మిగులుతాయి. రాయి, స్తంభం, తలుపు.

ఈవిడా రాయిలాంటిదే. అదీ గొడవ.

"పంతొమ్మిదేళ్ళయింది బాబూ," అంది చివరికి. "నాలుగ్గంటలప్పుడు ఈ మూడో మెట్టు మీదే నా కొడుకు నా చెయ్యి వదిలేశాడు. ఆరేళ్ళవాడు. సంచి సర్దుకుని చూసేసరికి లేడు. అప్పట్నుంచి ఒక్కరోజు కూడా నాలుగు నుంచి ఆరు దాకా ఈ మెట్టు వదల్లేదు. ఇంక ఇవాళొక్కటే కదా. పేపర్లో చూసైనా వస్తాడు."

నల్లద్దానికి ఒళ్ళు మండింది. ఎండ జారిపోతోంది. అయినా పైకి నవ్వు పులుముకున్నాడు. కసిరితే కాని పని మెత్తగా మాట్లాడితే అవుతుందని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"జనాన్ని చూశావా? ఇసకేస్తే రాలనట్టున్నారు. ఆఖరి రోజని ఊరంతా ఇక్కడే ఉంది. ఇంతమందిలో మీవాడు వచ్చినా నీ కళ్ళకి ఆనతాడా? నా కెమెరాకైతే ఆనతాడు. తిరిగేవాళ్ళందర్నీ అది ఏరి పారేస్తుంది. నిలబడ్డవాణ్ణే ఉంచుతుంది. నీ బదులు అది కాపలా కాస్తుందమ్మా."

ఆవిడ ముఖం విప్పారింది.

"నిలబడతాడు బాబూ! చిన్నప్పుడే నూరిపోశాను. తప్పిపోతే అటూ ఇటూ పరిగెత్తకు, నేనొచ్చేదాకా ఉన్నచోటే కదలకుండా ఉండు అని."

"ఇంకేం మరి!"

"నిజంగా ఫోటోలో పడతాడా?"

"పడకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఆవిడ లేచింది. ఆరు కొట్టకముందే, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి. నల్లద్దం తనే చెయ్యి పట్టుకుని వెనక సందులోని టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టాడు. టీ చెప్పాడు. పిలిచేదాకా రావద్దన్నాడు.

అతనిది పాతకాలపు ఫిల్ము కెమెరా. గంటన్నరలో ఆరు ఫోటోలు తీశాడు. బిళ్ళలు బిగించాక అందులోంచి చూసినా చీకటే. కళ్ళతో చూద్దామంటే జనం గోడలా అడ్డం, మెట్లు కనిపించవు. అందుకని గడియారం వంక తప్ప మరెటూ చూడలేదు. ఆరింటికి పోలీసులు జనాన్ని తరిమేసి మేడ చుట్టూ తాళ్ళు కట్టేశారు. ఆవిడ ఆయాసపడుతూ వచ్చేసరికి కూడలి ఖాళీ.

"వచ్చాడా బాబూ?"

"ఫిల్ము కడిగితే గాని తెలీదు. నాలుగు రోజులాగి స్టూడియోకి రా."

ఫిల్ము కడిగించి, అన్నిట్లోకీ మంచిదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేశాడు. ఎగిరొచ్చిన కాగితాన్ని తీసేశాడు. ఆగిపోయిన తోపుడుబండిని తీసేశాడు. మెట్ల దగ్గర ఒక పూటంతా పట్టింది. రాతి గీతకి రాతి గీత అతకడమంటే మాటలా! పని పూర్తయ్యాక భార్య వచ్చి చూసి, "మనుషుల పొడ గిట్టదు, నన్నెలా చేసుకున్నావో!" అని వేళాకోళమాడింది. పెద్దాఫీసరైతే నోరు వెళ్ళబెట్టాడు.

నాలుగో రోజు ఆవిడ వచ్చింది. ఉతికిన బట్టలు కట్టుకుంది, జుట్టు నున్నగా దువ్వుకుంది. నల్లద్దం కుర్చీ వేసి కూర్చోబెట్టి ఫోటో చేతికిచ్చాడు.

ఆవిడ మూడో మెట్టు మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

"ఎవరూ లేరే?"

"లేరమ్మా. పురుగు కూడా లేదు."

"నీ కెమెరా పొరబడదు కదా?"

"ఎందుకు పొరబడుతుంది? నిలబడితే పడాల్సిందే."

ఆవిడ ఏడవలేదు. ఫోటోని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"అయితే లేడన్నమాట. ప్రాణంతో ఉంటే వచ్చి నిలబడేవాడే. వాడు పోయాడని కాగితం మీద సంతకం పెట్టమని మా తమ్ముడు ఎన్నేళ్ళుగానో పోరుతున్నాడు. ఇవాళ పెట్టేస్తాను." లేచి చేతులు జోడించింది. "కన్నకొడుకులా సాయం చేశావు నాయనా. నీ మేలు మరిచిపోను."

"అయ్యో, ఎంతమాటమ్మా!" అన్నాడు నల్లద్దం. ఆవిణ్ణి రోడ్డు దాటించి మరీ వచ్చాడు.

వచ్చి, తలుపు గడియపెట్టి, సొరుగులోంచి ఫిల్ములు తీసి, ఆరు ఫోటోల్లోనూ మూడో మెట్టు మీద చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి ఉన్న, అచ్చం ఆవిడ పోలికలే పుణికిపుచ్చుకున్న పాతికేళ్ళ కుర్రాణ్ణి కత్తెరతో ముక్కలు ముక్కలుగా కత్తిరించాడు.