ధాన్యం గది

వీధిలో స్కూటర్ ఆగగానే నిహారిక ధాన్యం గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

"డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి గణపవరంలో కుట్టుపని నేర్పుతున్నామండీ. మీ చిన్నమ్మాయిని పంపిస్తారా?" అంది వచ్చినావిడ.

తల్లి నాగమల్లేశ్వరి తలుపు తట్టింది. "రామ్మా. ఈవిడ నీకోసమే వచ్చారు."

ఎంత పిలిచినా లోపల ఉలుకూ పలుకూ లేదు.

పెద్దకూతురి పెళ్లిచూపులకి ఎవరొచ్చినా చిన్నదాన్ని ఆ గదిలోనే దాచేది తను. ఒకసారి ధాన్యం దుమ్ముకి దానికి దగ్గు ఆగలేదు. ఆ సంబంధం తప్పిపోయింది.

పెద్దదానికి పెళ్లయి మూడేళ్లయింది.

"మళ్లీ వస్తానండీ," అని ఆవిడ వెళ్లిపోయింది.

స్కూటర్ చప్పుడు దూరమయ్యాక గడియ తెరుచుకుంది. చెమటతో తడిసిపోయిన నిహారిక, నోట్లో కుక్కుకున్న చున్నీ తీసి నవ్వింది.

"ఈసారి దగ్గలేదమ్మా."